పేపర్లో వేస్తే తెగిపోతుందా, చెల్లీ?

“అక్కా, మా వాళ్లతో నాకిక ఏ సంబంధమూ లేదని కోర్టులో రాయించుకోవచ్చా?”

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఈ ప్రశ్న నేను చాలామంది నోట విన్నాను. అడిగినవాళ్లెవరూ మనసు లేనివాళ్లు కారు. మదనపల్లె నుంచో, హిందూపురం నుంచో, ప్రొద్దుటూరు నుంచో వచ్చి, దొడ్డతోగూరు సందుల్లో ముగ్గురేసి ఉండే పీజీ గదిలో సర్దుకుని, మొదటి జీతం నుంచే ఇంటికి డబ్బు పంపినవాళ్లు. ఒకామెకి అన్న చేసిన అప్పులు మెడకి చుట్టుకున్నాయి. ఒకామె వేరే కులం అబ్బాయిని చేసుకుంటే ఇంట్లో నీళ్లు వదిలేశారు. కొన్నాళ్లకి అదే ఇంటి నుంచి, పొలం కాగితాల మీద సంతకం పెట్టి పొమ్మని ఫోన్ వచ్చింది. ఇంకొకామె చిన్నతనంలో ఆ ఇంట్లో తాను పడ్డదేమిటో ఇప్పటికీ పూర్తిగా నోరు విప్పి చెప్పలేదు. నేనూ తరచి అడగలేదు.

సూటిగా చెబుతాను. అలాంటి కాగితం మన దేశంలో ఏ కోర్టూ ఇవ్వదు. భర్త నుంచి విడాకులు తీసుకోవచ్చు. అమ్మ నుంచి, నాన్న నుంచి, తోడబుట్టినవాళ్ల నుంచి విడాకులు లేవు. అయితే ఈ మాట విని గుండె జారిపోనక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి సంక్రాంతికి ఇంటికి వెళ్లి తీరాలని, ఫోన్ ఎత్తి తీరాలని, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు కట్టి తీరాలని కూడా ఏ చట్టమూ చెప్పదు. దూరంగా ఉండడానికి నీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిన్ను నిజంగా పట్టి ఉంచేవి వేరే ఉన్నాయి: నీ సంతకం, నీ నామినేషన్లు, నువ్వు రాయని వీలునామా, ఇంకా కన్నవాళ్ల తిండి ఖర్చు. వీటిలో చాలావాటిని విడివిడిగా సరిచేసుకోవచ్చు. ఒకదాన్ని మాత్రం తప్పించుకోలేం.

ముందు పేపరు ప్రకటన సంగతి. జిల్లా ఎడిషన్లలో చూసే ఉంటావు. ఫలానా మా కుమారుడితో మాకెలాంటి సంబంధం లేదు, అతనితో లావాదేవీలు జరిపితే మేం బాధ్యులం కాము అని ఫొటోతో సహా వేస్తారు. వకీలు నోటీసు ఫీజు, పేపరు వాళ్ల ఫీజు, ఊళ్లో పరువు, అన్నీ పోతాయి. చట్టం దృష్టిలో బంధుత్వం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ ప్రకటన వల్ల కొడుకు వారసత్వం పోదు, కూతురి వాటా పోదు. తండ్రి తన స్వార్జితాన్ని ఎవరికైనా రాయొచ్చు కానీ దానికి వీలునామా కావాలి, పేపరు ప్రకటన కాదు. పిత్రార్జితంలో నీ వాటాని ఆయన వీలునామాతో కూడా తీసేయలేడు. మన ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకి ఆ హక్కు ఇచ్చింది. కర్ణాటకలో 1994లో వచ్చింది. దేశమంతటికీ 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి లేకపోయినా సరే కూతురికి పుట్టుకతోనే హక్కు ఉంటుందని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కులం తప్పి పెళ్లి చేసుకున్నావు కాబట్టి నీకేమీ రాదంటారా? వెలివేసినంత మాత్రాన ఆస్తి హక్కు పోదని తెల్లదొరల కాలంలో, 1850లోనే చట్టం వచ్చింది.

పుట్టింటి బంధాన్ని చట్టం నిజంగా తెంచేది ఒక్క దత్తతలో. దత్తత వెళ్లిన బిడ్డకి కన్నవాళ్లతో బంధం తెగి, పెంచుకున్న ఇల్లే ఇల్లవుతుంది. అక్కడి నుంచి తిరిగి రావడం కూడా ఉండదని 1956 నాటి హిందూ దత్తత చట్టం చెబుతుంది. అది పదిహేనేళ్లలోపు పిల్లల సంగతి. జీతం తెచ్చుకునే నీకు ఆ దారి లేదు.

ఇక తప్పించుకోలేనిదన్నాను కదా, అది అమ్మానాన్నల పోషణ. ఇక్కడే చాలామంది అమ్మాయిలు “నేను పెళ్లయి వెళ్లిపోయాను, అది కొడుకుల బాధ్యత” అనుకుంటారు. కాదమ్మా. పెళ్లయిన కూతురికి సంపాదన ఉంటే తన తండ్రిని పోషించాల్సిందేనని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరైన ఒక కూతురి మీద తండ్రి వేసిన కేసు అది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్‌గా ఉన్న ఈ నియమం, 2024 జులై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది. దానికి తోడు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. మన ఊళ్లలో ఆర్డీవో దగ్గర, ఇక్కడ బెంగళూరులో అసిస్టెంట్ కమిషనర్ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. నెలకి పదివేల దాకా ఇప్పించగలరు. 144 కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళితే ఆ పరిమితి కూడా ఉండదు. తల్లిదండ్రులు తామున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు కాబట్టి కదిరిలో వేసిన అర్జీకి నోటీసు నీకు ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసు అడ్రసుకే రావచ్చు. ముసలివాళ్లని పూర్తిగా వదిలేయాలనే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల దాకా జైలు.

ఇందులో నాకు బాధ కలిగించేది ఒకటుంది. చిన్నప్పుడు కొట్టి హింసించిన తండ్రి అడిగినా, కంటికి రెప్పలా చూసుకున్న తల్లి అడిగినా మన 2007 చట్టం ఒకేలా చూస్తుంది. సింగపూర్‌లో 1995లో ఇలాంటి చట్టమే చేశారు. కానీ బిడ్డని వదిలేశాడని, హింసించాడని తేలితే ఆ తండ్రి అర్జీని కొట్టేసే అధికారం అక్కడి ట్రిబ్యునల్‌కి ఇచ్చారు. మనకీ అలాంటి మాట స్పష్టంగా రాసుండాల్సింది. అది లేనంతవరకు నా సలహా ఒకటే. తమంతట తాము బతకలేని స్థితిలో వాళ్లుంటే, నెలకి ఇంతని బ్యాంకు ద్వారా పంపు. చేతికి ఇవ్వకు, అన్న ఫోన్‌పేకి వేయకు. అమ్మ ఖాతాలోకే, ప్రతి నెలా అదే తేదీకి వెయ్యి. చట్టం నీ నుంచి అడిగేది వాళ్ల తిండి, బట్ట, గూడు, మందులు. నువ్వెళ్లి ఎదురుగా కూర్చోవాలని, పాత మాటలన్నీ మళ్లీ పడాలని అడగదు. చాలామంది పిల్లలకి ఈ తేడా తెలిసిన రోజే సగం భారం దిగిపోతుంది. నేను కళ్లారా చూశాను.

అప్పుల సంగతి ఇంకా తేలిక, కానీ భయపెట్టేదీ అదే. అన్న లోన్ యాప్‌లో తీసుకున్నాడు, కట్టలేదు, ఏజెంట్లు నీకు ఫోన్ చేస్తున్నారు, హెచ్ఆర్‌కి చెబుతామంటున్నారు. నువ్వు హామీ సంతకం పెట్టావా? సహరుణగ్రహీతగా ఉన్నావా? లేకపోతే ఆ అప్పులో పైసా కూడా నీది కాదు. రక్తసంబంధం వల్ల అప్పు అంటదు. తండ్రి చేసిన అప్పుని కొడుకులు ధర్మంగా తీర్చి తీరాలన్న పాత సూత్రాన్ని కూడా 2005 సవరణ ఎత్తేసింది. తండ్రి నుంచి ఆస్తి వస్తే, వచ్చినంత మేరకే ఆయన అప్పుకి బాధ్యత. ఉదయం 8 గంటలకి ముందు, రాత్రి 7 దాటాక వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఉత్తర్వులిచ్చింది. కానీ హామీ సంతకం పెట్టి ఉంటే మాత్రం చెల్లీ, అన్నతో మాటలు మానేసినా బ్యాంకు నిన్ను వదలదు. అసలు రుణగ్రహీతకి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే. కాబట్టి “ఒక్క సంతకమే కదమ్మా” అని ఎవరైనా అంటే, పెట్టను అని చెప్పడం నేర్చుకో. రాఖీ రోజు అడిగినా సరే.

ఇప్పుడు అసలు భయం దగ్గరికొద్దాం. వాళ్లు ఊరుకోకపోతే? ఆఫీసు గేటు దగ్గర నిలబడితే? పీజీ ఆంటీకి ఫోన్ చేసి నీ గురించి ఏవేవో చెబితే?

గృహహింస చట్టం అంటే భర్త, అత్తమామల మీద కేసులే అనుకుంటాం. 2005 నాటి ఆ చట్టంలో రక్తసంబంధం కూడా ఉంది. ఎప్పుడైనా ఒకే ఇంట్లో కలిసి బతికిన తండ్రి మీద, అన్న మీద కూడా వేయొచ్చు. 2016లో సుప్రీంకోర్టు ఆ చట్టంలోంచి “వయోజన పురుషుడు” అన్న మాట తీసేశాక తల్లి మీదా, అక్క మీదా వేయొచ్చు. 18వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వు ఇస్తే, ఆ మనిషి నీ ఆఫీసుకి రాకూడదు, ఫోన్, మెసేజ్, మెయిల్, ఉత్తరం, మనుషుల ద్వారా కబురు, ఏ రూపంలోనూ నిన్ను సంప్రదించకూడదు. మీరితే ఏడాది దాకా జైలు లేదా 20 వేల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. తెగతెంపుల కాగితం కావాలన్నావే, దానికి మన చట్టంలో దగ్గరగా వచ్చేది ఇదే. దీనికోసం కడపకో కర్నూలుకో వెళ్లక్కర్లేదు. నువ్వు తాత్కాలికంగా ఉంటున్నచోట, ఉద్యోగం చేస్తున్నచోట కూడా వేయొచ్చని చట్టంలోనే రాశారు. నీ జీతం ఎంతైనా ఆడదానివి కాబట్టి వకీలు ఉచితం. సిద్ధయ్య రోడ్డులోని న్యాయ దేగులలో కర్ణాటక న్యాయసేవల సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆపదలో ఉంటే ముందు 112, లేదా ఆడవాళ్ల కోసం ఉన్న 181.

ఊళ్లో మిస్సింగ్ కేసు పెడతారేమోనని వణికే పిల్లలున్నారు. పెట్టనీ. పోలీసులు వస్తే, మేజర్‌నని చూపే కాగితం చూపించి, నా ఇష్టంతోనే ఇక్కడ ఉన్నానని వాంగ్మూలం రాసివ్వు. నిన్ను ఈడ్చుకెళ్లే హక్కు ఎవరికీ లేదు. 2006లో లతా సింగ్ అనే ఆమె, వేరే కులంవాణ్ణి పెళ్లి చేసుకున్నందుకు అన్నదమ్ములు పెడుతున్న బాధలు భరించలేక సుప్రీంకోర్టుకి వెళ్లింది. పెళ్లి నచ్చకపోతే తల్లిదండ్రులు మహా అయితే పిల్లలతో రాకపోకలు మానుకోవచ్చు, బెదిరించడానికి, చెయ్యెత్తడానికి మాత్రం వీల్లేదని కోర్టు చెప్పింది. చూశావా, మాట్లాడకుండా ఉండే స్వేచ్ఛ వాళ్లకీ ఉందని, అక్కడితో ఆగాలని చెప్పింది. అలా ఆగనివాళ్లూ ఉన్నారు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, గర్భిణి భార్య కళ్లెదుటే ఆసుపత్రి గేటు దగ్గర ఒక అబ్బాయిని నరికించారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అందుకే చెబుతున్నా. ఇంట్లోవాళ్లు “చంపేస్తాం” అంటే అది కోపంలో అన్నమాటేలే అని సర్దుకోకు. తేదీ, సమయం రాసిపెట్టుకో, మెసేజ్‌లు దాచుకో, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇవ్వు.

నీకు ముప్పై కూడా నిండలేదు, వీలునామా మాట ఎత్తితే ముఖం చిట్లిస్తావని తెలుసు. అయినా విను. పెళ్లికాని ఆడపిల్ల వీలునామా రాయకుండా పోతే ఆమె పీఎఫ్, షేర్లు, ఫ్లాట్ అన్నీ హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మానాన్నలకి వెళతాయి. నిన్ను హింసించిన నాన్నకి కూడా. దక్షిణ కొరియాలో గూ హారా అనే గాయని 2019లో చనిపోతే, చిన్నప్పుడే వదిలి వెళ్లిపోయిన తల్లి వచ్చి ఆస్తిలో వాటా అడిగింది. ఆమె అన్న ఏళ్ల తరబడి పోరాడితే, బిడ్డని పట్టించుకోని కన్నవాళ్లకి వారసత్వం లేకుండా చేసే చట్టం 2024లో అక్కడ వచ్చింది. మనకి అది లేదు. పెళ్లయ్యాక లెక్క మరీ విచిత్రంగా ఉంటుంది. భర్త, పిల్లలు లేని ఆడది వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత సంపాదన ముందు భర్త తరఫువాళ్లకి వెళుతుంది, ఆ తర్వాతే కన్నవాళ్లకి. నారాయణీదేవి అనే ఆవిడకి పెళ్లయిన మూడు నెలలకే భర్త పోయాడు. అత్తింటివాళ్లు వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసుకుని బతికింది. 1996లో ఆవిడ పోతే, ఆ డబ్బంతా భర్త తరఫు వారసులకే చెందుతుందని 2009లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. దశాబ్దాల కిందట తెగిపోయిన బంధం, ఆమె పోయిన తర్వాత తిరిగొచ్చి బ్యాంకు ఖాతా పట్టుకుంది. ఆ తీర్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. తెల్లకాగితం మీద ఆవిడ తన చేత్తో వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేతా పెట్టించి ఉంటే చాలు, ఇదంతా తప్పేది. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ నీ ఇష్టం.

నామినీ పేరు మార్చేస్తే అయిపోయిందని కూడా అనుకోకు. షేర్లకైనా, ఫండ్లకైనా నామినీ డబ్బు అందుకునే మనిషే తప్ప సొంతదారు కాదని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా నామినేషన్లు తిరగేసి చూడు, ఉద్యోగంలో చేరిన రోజు ఎవరి పేరు రాశావో నీకే గుర్తుండదు. పెళ్లికి ముందు వేసిన పీఎఫ్ నామినేషన్ పెళ్లయ్యాక మళ్లీ వేసుకోవాలి. ఇక్కడ నాకు ఎంతో నచ్చిన నియమం ఒకటుంది. 1952 నాటి పీఎఫ్ పథకంలో, ఉద్యోగిని తన భర్తని కుటుంబం నుంచి మినహాయిస్తున్నానని కమిషనరుకి ఒక్క ఉత్తరం రాస్తే చాలు. పీఎఫ్ వరకు ఆ భర్తా, ఆయన కన్నవాళ్లూ ఆమె కుటుంబం కారు. విడాకులు రాక ఏళ్లకేళ్లు కోర్టు చుట్టూ తిరిగే ఆడవాళ్లకి ఇది ఎంత అక్కరకొస్తుందో!

ఈ ఊళ్లో ఇదే ప్రశ్న అడిగే పెద్దవాళ్లూ ఉన్నారు. ఊళ్లో ఇల్లమ్మి, ఆ డబ్బు కొడుకు ఫ్లాట్‌కి పెట్టి, మనవళ్లని సాకుతూ, ఒక గదిలో మాట పడుతూ ఉండే అమ్మలు. అమ్మా, ఆస్తి గిఫ్ట్ డీడ్‌గా రాసేటప్పుడు, నన్ను చూసుకోవాలన్న షరతు అందులో రాయించండి. ఆ షరతు తప్పితే 2007 చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ డీడ్‌ని రద్దు చేయగలదు. 2025 జనవరిలో ఉర్మిళా దీక్షిత్ కేసులో సుప్రీంకోర్టు అలాగే ఒక తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. కానీ కోడలిని గెంటేయడానికి ఈ చట్టాన్ని వాడాలని చూస్తే కుదరదు. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసు, మన బెంగళూరుదే. అత్తమామల అర్జీ మీద అసిస్టెంట్ కమిషనర్, డిప్యూటీ కమిషనర్, చివరికి హైకోర్టు కూడా ఇల్లు ఖాళీ చేయమన్నాయి. సుప్రీంకోర్టు వాటిని కొట్టేసి, గృహహింస చట్టం కోడలికిచ్చిన నివాస హక్కు పోదని చెప్పింది.

చివరగా, కోపంలో ఉన్నప్పుడు ఏ కాగితం మీద సంతకం పెట్టొచ్చో, ఏది పెట్టకూడదో చెబుతాను. వీలునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పీఎఫ్ ఉత్తరం వెనక్కి తీసుకోవచ్చు. రక్షణ ఉత్తర్వు కూడా నువ్వు వద్దని కోర్టులో చెప్పుకుంటే ఎత్తేస్తారు. రేపు నాన్న మారితే, నీ మనసు మారితే, ఇవన్నీ సర్దుకునేవే. సర్దుకోనిది రిలీజ్ డీడ్, అంటే నీ వాటా వదులుకుంటున్నానని రాసిచ్చే పత్రం. “నీ పెళ్లికి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా, వచ్చి ఒక్క సంతకం పెట్టిపో, తర్వాత నీ దారి నీది” అంటారు. నీకేమో వాళ్ల ముఖం చూడకుండా ఉంటే చాలనిపిస్తుంది, ఆ పొలం వాళ్లే తినమను అనిపిస్తుంది. నాన్న స్వార్జితమైతే ఆయనుండగా నీకింకా హక్కే పుట్టలేదు, పుట్టని హక్కుని వదులుకుంటున్నానని రాసినా చెల్లదు. దానికి బదులుగా డబ్బు పుచ్చుకుంటే మాత్రం తర్వాత లెక్క మారుతుంది. పిత్రార్జితమైతే అది నీ చేతిలో ఉన్న హక్కు. సబ్-రిజిస్ట్రార్ ముందు ఒక్కసారి వదిలేశావంటే, మోసమో బలవంతమో జరిగిందని మూడేళ్లలోపు సివిల్ కోర్టులో దావా వేసి నిరూపించుకోవాలి. అది నీకూ నాకూ తెలిసిన కోర్టుల్లో ఎంత పనో ఆలోచించు.

కాబట్టి వాళ్లు రిజిస్ట్రేషన్‌కి తేదీ పెట్టుకున్నామని ఫోన్ చేస్తే, ఆ రోజు లీవు లేదని చెప్పు. డ్రాఫ్టు ముందుగా వాట్సాప్‌లో పంపమను. సర్వే నంబర్లతో సహా అది నీ వకీలు చదివాకే, బొమ్మసంద్రలో ఊరి బస్సెక్కు.